ఒడి వేడి

ఆ రాత్రి కొయ్యూరు నుంచి పైడితల్లిని నర్సీపట్నం ఆసుపత్రికి తెచ్చారు. జ్వరం, గుండెల్లో నొప్పి. నెల క్రితమే ఆమె కూతురు జ్వరం, దగ్గుతో పోయింది.

"పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందా అమ్మా?" డాక్టర్ ఏంజెలిన్ అడిగింది.

"పడుకుంటే పాప గుండెల మీదికెక్కుతాదమ్మా. లేసి కూకుని వంగితే ఒడిలోకి దిగిపోద్ది. అప్పుడు నొప్పుండదు."

గుండె పొర వాస్తే నొప్పి పడుకుంటే పెరిగి, ముందుకు వంగితే తగ్గుతుందని ఏంజెలిన్‌కు తెలుసు. నాడి చూడబోతే చెయ్యి పైడితల్లి ఒడికి తగిలింది. ఖాళీ ఒడి నుదుటికంటే ఎక్కువగా కాలిపోతోంది.

ఏంజెలిన్ నొప్పి తగ్గే ఇంజెక్షన్ తీసింది.

"నొప్పి పోతే పాప కూడా ఎల్లిపోద్దేటమ్మా?"

ఏంజెలిన్ సూది గుచ్చింది.

కాసేపటికి పైడితల్లి వెల్లకిలా పడుకుని ఏడవసాగింది.

"తగ్గిపోనాదమ్మా."

బయట ఖాళీ వరండాలో ఒక చిన్నపిల్ల దగ్గు మెల్లగా దూరమవుతోంది.