బాతు నడక

"సార్, ఈ బాతు నడక మీకెక్కడ దొరికింది?" స్టూడియో చరిత్రను డాక్యుమెంటరీగా తీస్తున్న జెస్సా కెమెరా వెనకనుంచి అడిగింది.

మనీలాలోని ఆ కార్టూన్ బొమ్మల స్టూడియో తీసే ప్రతి సినిమాకీ ముందు తెరమీద ఒక బాతు కాలీడ్చుకుంటూ వచ్చి గుడ్డు పెడుతుంది. పిల్లలు పకపకా నవ్వుతారు. దాన్ని గీసింది క్రిసాంతో.

"బాతుల పెంపకానికి పేరున్న పాతెరోస్ వెళ్లి, అక్కడి బాతుల్ని చూసి గీశాను," అన్నాడు. ముప్పయ్యేళ్లుగా చెబుతున్న మాటే.

పక్కన కూర్చున్న లోరెటా నవ్వింది. ఆ రోజుల్లో బొమ్మలకు రంగులేసింది ఆవిడే. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆవిడ కాలొకటి చచ్చుబడింది.

"నేను పుట్టింది పాతెరోస్‌లోనే తమ్ముడూ. మా బాతులు అలా నడవవు."

క్రిసాంతో ఆవిడ కాలువైపు చూశాడు. అప్పట్లో స్టూడియోలో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆవిడలా నడిచి చూపించి అందర్నీ నవ్వించేవాడు. ఆ నవ్వులు చూశాకే ఆ బాతును గీశాడు. స్టూడియో పేరు తెచ్చుకున్నది ఆ కాలును అమ్ముకునే.

"నీకెప్పుడు తెలిసింది అక్కా?"

"రంగులేసింది ఎవరనుకున్నావు? ఒక్కో బొమ్మా నా చేతిమీదుగానే పోయింది."

"ఒక్క మాటైనా అనలేదే."

"మీరంతా నవ్వుతున్నారుగా, నేనూ నవ్వాను. మా అమ్మను మాత్రం మన సినిమా ఒక్కదానికీ తీసుకెళ్లలేదు."

జెస్సా మెల్లగా కెమెరా ఆపబోయింది.

"ఆపకమ్మా," అన్నాడు క్రిసాంతో, తలెత్తకుండానే. "ఆ నడక ఎక్కడిదో మళ్లీ అడుగు."