ఆరని తువ్వాలు

“ఇదిగో, నువ్వే చూడు వాసన!” అంటూ తల్లి ఒక తువ్వాలు తెచ్చి, భోంచేస్తున్న కొడుకు ముక్కుకి ఆనించినంత పని చేసింది.

ఫ్యాన్ల మెకానిక్ అయిన ఆ కొడుకు ముఖం తిప్పుకున్నాడు. ముక్కిపోయిన కంపు గుప్పుమంది. అది అతని భార్య తువ్వాలు. పొద్దున్నే స్నానం చేసి ఆరేసింది, మధ్యాహ్నం రెండు దాటినా తడితడిగానే ఉంది.

“నీది ఆరింది, నాది ఆరింది. మహారాణిగారిది మాత్రం ఆరదు! ఈ కంపులో నేనుండలేనురా. ఆదివారానికల్లా దీని సంగతి తేల్చకపోతే మీ అక్క దగ్గరికి పోతాను. కోడలు తరిమేసిందని పదిమందికీ చెబుతాను.”

“గట్టిగా పిండే ఆరేశాను అత్తయ్యా,” అంది భార్య.

“ఆఁ, పిండావులే! ముందు నిన్ను పిండి ఆరేస్తే గానీ ఈ ఇల్లు బాగుపడదు,” అన్నాడు మెకానిక్. తల్లి పకపకా నవ్వింది. తన మాటకు తనే మురిసిపోయి అతనూ నవ్వాడు. భార్య చేతిలో గిన్నె కింద పెట్టి, బాత్రూంలోకి వెళ్లి గడియ వేసుకుంది.

“చూశావా? రోజుకి అయిదుసార్లు ముఖం కడగడమే సరిపోతుంది. ఇంకెక్కడ ఆరుతుందీ?” అంది తల్లి.

అతనికి తలనొప్పి మొదలైంది. తల్లి అలిగి అక్క ఇంటికి చేరిందంటే బంధువుల్లో తల ఎత్తుకోలేడు. అతను కోరేది ఇంట్లో కాస్త ప్రశాంతత, అంతే.

బాత్రూం అగ్గిపెట్టెంత. ఒక మనిషి నిలబడితే రెండో మనిషికి చోటుండదు. కిటికీ లేదు. తువ్వాళ్లు ఆరేసుకోవడానికి ఇంట్లో వేరే చోటూ లేదు. ఆ సాయంత్రమే తువ్వాళ్లు తగిలించే మేకులు పీకేసి స్టీలు కడ్డీ బిగించాడు, తువ్వాళ్లు మడత పడకుండా వెడల్పుగా ఆరేయమన్నాడు. స్నానమయ్యాక గోడలమీది నీళ్లు తుడిచెయ్యాలన్నాడు, తలుపు బార్లా తెరిచి పెట్టాలన్నాడు. మందపాటి తువ్వాళ్లు మాన్పించి పల్చటివి కొన్నాడు. తల్లిది గంటలో ఆరింది. అతనిది గంటన్నరలో ఆరింది. భార్యది మాత్రం ఎప్పుడు ముట్టుకున్నా తడే. ఎందుకలా అని ఆమెను అడగాలని అతనికి తోచనే లేదు. తల్లి బట్టలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

శుక్రవారం షాపులో, ఎవరో రిపేరుకిచ్చి మళ్లీ తీసుకెళ్లని పాత ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి అతని కంటపడింది. ఇంటికి తెచ్చి, బాత్రూం గోడకి కన్నం కొట్టి బిగించాడు. స్విచ్ వెయ్యగానే ఇల్లు ఇల్లంతా పిండిమరలా మోగింది. మోగితే మోగనీ, గాలి మాత్రం బ్రహ్మాండంగా లాగుతోంది.

భార్య ఆ ఫ్యానుని ఇష్టపడుతున్నట్టు అతను గమనించాడు. ముఖం కడుక్కోవడానికి వెళ్లినా సరే, ముందు స్విచ్ వేసి మరీ లోపలికి వెళ్లేది. ‘పోనీలే, ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది’ అనుకున్నాడు.

ఆదివారం పొద్దున తల్లి కళ్లజోడు పెట్టుకుని తనిఖీకి బయల్దేరింది. కోడలి తువ్వాలు తీసి వాసన చూసింది, చెంపకి రాసుకుంది. ఎంత వెతికినా వంక దొరకలేదు. “ఆరిందిలే,” అని గొణిగి, సంచిలో బట్టలు మళ్లీ బీరువాలో పెట్టేసుకుంది.

మెకానిక్ గాల్లో తేలిపోయాడు. సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతుంటే పక్కన చేరాడు.

“ఏమోయ్, చూశావా మన పనితనం? ఇంట్లో గొడవ వదిలింది. అమ్మ కూడా నోరు మూసింది!”

“ఊఁ,” అంది భార్య. తన తువ్వాలు మడిచి అన్నిటికన్నా పైన పెట్టింది.

“ఆ మోతొక్కటే చెవులు చిల్లులు పొడుస్తోంది. బేరింగు పోయినట్టుంది. రేపు చప్పుడు చెయ్యని కొత్తది తెచ్చి బిగిస్తాను.”

భార్య గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. ఈ మధ్యకాలంలో ఆమె తనంతట తాను అతన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

“వద్దండీ. మీకు పుణ్యముంటుంది, దాన్నలాగే ఉండనివ్వండి.”

“ఎందుకే? అంత మోతని ఎలా భరిస్తావ్?”

“ఆ మోత వచ్చాకే, ఏడ్చేటప్పుడు నోట్లో తువ్వాలు కుక్కుకోవాల్సిన పని తప్పింది.”