మాత్ర వేసిన గంటకు

“ఇది క్షయకు వాడే పాత మాత్ర,” అంది ఇంటికొచ్చిన డాక్టర్ సత్యశ్రీ. “తిండంటే భయపడేవాళ్లకు సాయపడుతుందేమోనని పరిశోధన జరుగుతోంది. ఆకలి పుట్టించదు. వేసుకున్నాక నేర్చుకున్నది మనసులో గట్టిగా నాటుకుంటుందని ఆశ. గంటాగి నా ఎదుటే తినాలి.”

“భయపడుతూ తింటేనో?” అడిగాడు సుందర్‌రాజు.

“ఆ భయమే నాటుకోవచ్చు. చెడ్డమాటేదీ అమ్మాయి చెవిన పడనివ్వకండి.”

అతని కూతురు కృప పక్క గదిలో ఉంది. పదిహేడేళ్ల పిల్ల. బయట ఎండ మండుతున్నా స్వెటర్‌లో ముడుచుకుని కూర్చుంది.

తల్లి లూర్దుమేరికి గొంతు క్యాన్సర్ అని తేలిన రోజు, అమ్మకు నయమయ్యేదాకా అన్నం ముట్టనని కృప దేవుడికి మాటిచ్చింది. తల్లి వైద్యానికి గుంటూరు వెళ్లింది. ఇక్కడ గల్ఫ్‌లో తెలుగు ఫెలోషిప్‌వాళ్లు శుక్రవారం శుక్రవారం ప్రార్థనలో పిల్లను నిలబెట్టి మెచ్చుకున్నారు. ఎముకలు తేలితే భక్తి అన్నారు. మాట కోసం మానిన తిండి చివరికి భయమై కూర్చుంది. మెతుకు చూస్తే వణికేది.

సుందర్‌రాజు ఫోన్ మోగింది. ఫెలోషిప్ క్రిస్టీనా.

“వందనాలన్నా. సాయంత్రం తుబ్లీలో మీ ఇంటికొచ్చి పాపని చూసి పోతాం.”

“చూసింది చాలు. పిల్లని పుల్లలా చేశారు. నా గడప తొక్కద్దు.”

“అట్లా అనకన్నా. ఇట్లాంటప్పుడు పిల్ల పక్కన ఆడమనిషి ఉండాలి.”

అతను కట్ చేశాడు. కృప ఫోన్ ఎప్పుడో లాక్కుని దాచాడు.

మాత్ర వేసి గంటయింది. సత్యశ్రీ ఎదురుగా కూర్చుంది. సుందర్‌రాజు పప్పన్నం పళ్లెం ముందుకు జరిపాడు. కృప గోడకు జరిగింది.

“అమ్మకెట్లా ఉంది నాన్నా?”

“తగ్గింది. నీ ఉపవాసం దేవుడు విన్నాడు. ఇక తిను.”

“ఒక్కసారి మాట్లాడించు.”

“గొంతుకి ఆపరేషన్ చేశారు గదమ్మా. మాట రాదు.”

“నా వల్లే తగ్గిందా?”

“నీ వల్లే.”

కృప గోడ వదిలి పళ్లెం దగ్గరికి జరిగింది. ముద్ద కలిపింది. మింగింది. ఇంకో ముద్ద కలిపింది.

“ఇది నాటుకుంటే చాలు,” అంది సత్యశ్రీ మెల్లగా.

సుందర్‌రాజు పిల్ల గొంతు కదలడమే చూస్తూ కూర్చున్నాడు.

లూర్దుమేరిని సమాధి చేసి అప్పటికి నెల దాటింది.