కుడిచెయ్యి

“కుడిచెయ్యి పైకెత్తి, దేవుని ఎదుట చెప్పు. ఆ అబ్బాయెవడు?” బల్ల మీద బైబిలు పెట్టి కూతుర్ని నిలదీశాడు ఎలీయాజరు.

జకార్తాలో బాడ్మింటన్ పోటీల్లో మొదటి రౌండులోనే ఓడిపోయి, లోయిస్ ఆ ఉదయమే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌కి తిరిగొచ్చింది.

“ఏ అబ్బాయీ లేడు నాన్నా.”

“టీవీలో సూశాను. నెత్తి మీదకొచ్చిన షటిల్‌ని స్మాష్ కొట్టకుండా మెల్లగా తోసేశావు. నేను నేర్పిన ఆటేనేటి అది? మనసు ఎవడి మీదో ఉందని పక్కింటి ఘోష్‌దా కాణ్ణుంచి మీ కోచ్ దాకా అందరూ అంటన్నారు.”

లోయిస్ ఎడమచెయ్యి ఎత్తింది.

అబద్ధపు ఒట్టు తగలకుండా ఇదో ఉపాయమనుకున్నాడు ఎలీయాజరు. కుడిచెయ్యి పట్టుకుని తనే పైకి లేపాడు. అది భుజం దాకా వచ్చి, ఇక లేవలేదు. లోయిస్ పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది.

ఆయన ఆ చేతిని నెమ్మదిగా దించాడు.

“ఎన్నాళ్ళ నుంచే?”

“ఎవరితోనూ అనకు నాన్నా. భుజం పోయిందని తెలిస్తే జట్టులోంచి తీసేస్తారు. అబ్బాయంటే తిట్టి ఊరుకుంటారు. అలాగే అనుకోనీ.”

ఎలీయాజరు బైబిలు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి, తలుపు మూశాడు.

“మరైతే ఘోష్‌దా అడిగితే,” అన్నాడు గొంతు తగ్గించి, “ఆడి పేరేటని చెప్పమంటావు?”