దెబ్బ తగలని తల

“నెమలి, గడప, చింతపండు, రైలు, కొడవలి!” కొండలరావు గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

కిటికీ బయట బడి కబడ్డీ జట్టు ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. “మాకు రాబోయే కోచ్ సారు తలకాయ ఇనుం!”

డాక్టర్ ఫెబీ నవ్వింది. ఆటలో పదేపదే తలకు దెబ్బలు తిన్నవాళ్ళ జ్ఞాపకశక్తి ఏళ్ళు గడిచాక ఎలా ఉంటుందో పరిశోధించడానికి ఆమె మార్కాపురం వచ్చింది. దొనకొండ పోటీల్లో రెండుసార్లు స్పృహ తప్పి పడిన కొండలరావు, ఆమె ఇందాక చెప్పిన పదాల్లో ఒక్కటీ వదల్లేదు.

“తల బాగుందని రాసియ్యండి మేడం. అది చూపిస్తే ఈ పిల్లలకు కబడ్డీ నేర్పే పని నాకే ఇస్తామన్నారు బడోళ్ళు.”

“రాస్తాను అన్నా. పోల్చి చూడటానికి మీ ఇంట్లోనే దెబ్బలు తగలని మనిషిని తెమ్మన్నాను కదా?”

“తెచ్చినా. మా ఇంటిదే. రాయే, కూర్చో!”

సౌభాగ్యమ్మ కొంగు తల మీదికి లాక్కుని కుర్చీ అంచున కూర్చుంది. ఫెబీ ఆమెకు వేరే పదాలు చెప్పింది. కాసేపు పైరు గురించీ వాన గురించీ మాట్లాడించి, “ఇప్పుడు ఆ పదాలు చెప్పక్కా” అంది.

“గంప...” ఆమె ఆగింది. “గంప... ఇంకేందో తల్లీ...”

పిల్లలు కిసుక్కుమన్నారు. కొండలరావు తొడ చరిచాడు.

“సూసినారా మేడం! దెబ్బలు తిన్నోడు గెలిసినాడు, ఇంట్లో కూసున్నది ఓడింది! పొయ్యి మీద పాలు పెట్టి మర్సిపోతాది ఇది.”

ఫెబీ నవ్వలేదు. “అక్కా, మీ తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?”

“యాడ తగుల్తాది? పుట్టినంక కబడ్డీ కోర్టులో కాలు పెట్టిందా?” కొండలరావే అందుకున్నాడు.

“అక్కను చెప్పనీ అన్నా.”

సౌభాగ్యమ్మ కిటికీ వైపు చూసింది. రేపటి నుంచి తన భర్త చేతి కింద ఆడబోయే పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నిలబడి ఉన్నారు. ఆమె కొంగు వెనక్కి తోసి లేచి నిలబడింది.

“తగిలింది తల్లీ. శానా సార్లు.” ఆ గొంతు కిటికీ దాటి వినిపించింది. పిల్లల నవ్వులు ఆగిపోయాయి.

“ఎప్పుడక్కా?”

“ఏమే...” అంటూ కొండలరావు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె కదల్లేదు. అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ, అందరికీ వినపడేలా చెప్పింది.

“ఈయన ఓడినప్పుడల్లా.”