మూడో కిటికీ కాడ పిల్ల

“ఆ డ్రైవర్ని దింపుతావా, నన్ను పొమ్మంటావా?”

కామరాజు అడిగిన తీరు చూస్తే గుమ్మం ముందు నిజంగానే బండి ఆగి ఉందనుకోవాలి. ఉన్నది బల్ల మీద, జానెడు పొడవున ఒక బొమ్మ రైలు బస్సు. నెల రోజులుగా దాన్ని చేస్తున్నది ఆయన భార్య భ్రమరాంబ. డ్రైవరు వేలి కణుపంత ఉన్నాడు.

“దింపను, పొమ్మనను. డ్రైవరు లేకపోతే బండెలా నడుస్తాది మావా?”

నలభై ఏళ్లు మిషను కుట్టిన చెయ్యి ఆమెది. చదువు ఐదో తరగతి దాటలేదు గానీ, కత్తెర పట్టిందంటే కొలత తప్పదు. ఒక ప్లాస్టిక్ బస్సు, ఒక బొమ్మ గూడ్సు రైలు కొనిపించుకుంది. బస్సు అడుగు కోసేసి, గూడ్సు చక్రాలు తెచ్చి దాని కింద అతికింది. కిటికీ అద్దాలకు మందుల అట్టల మీది ప్లాస్టిక్ రేకు కత్తిరించింది. ఆ ఇంట్లో మందుల అట్టలకు కొదవేం లేదు. బొమ్మ సైనికుడొకడి తుపాకీ అరగదీసి, ఖాకీ రంగేసి, మీసాలు దిద్ది డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది.

ఒకప్పుడు సాలూరు నుంచి బొబ్బిలికి అలాంటి బండే ఉండేది. ఇంజనూ పెట్టే రెండూ ఒకటే, పట్టాల మీద పోయే బస్సు. పెళ్లికి ముందు భ్రమరాంబ కుట్టుపని నేర్చుకోడానికి రోజూ అందులోనే బొబ్బిలి వెళ్లేది. అందుకే మూడో కిటికీ దగ్గర ఆకుపచ్చ ఓణీ వేసుకున్న చిన్న పిల్ల బొమ్మ కూడా ఉంది.

కామరాజు కళ్లజోడు సర్దుకుని వంగాడు.

“ఆ పిల్ల నువ్వే గదా?”

“నానే.”

“ఆడు తలతిప్పి నిన్నే సూత్తన్నాడు.”

“సూసేవోడు మరి.”

“బండి నడిపేవోడు పట్టాల్ని సూడాలా, ఆడపిల్లల్ని సూడాలా?”

“రెండూ సూసేవోడు. నాను పరిగెట్టుకొస్తంటే బండాపేసేవోడు. లోపలున్నోళ్లు తిట్టేవోరు. హారను రెండుసార్లు కొట్టాడంటే ఎవరికోసమో అందరికీ తెలుసు.”

ఆ మాట అంటుండగానే ఇంటి ముందు మల్కాపురం రోడ్డు మీద ఆయిల్ ట్యాంకరు ఒకటి రెండుసార్లు హారన్ కొట్టింది. కామరాజు ఉలిక్కిపడి కిటికీలోంచి వీధిలోకి తొంగి చూశాడు. అక్కడ ట్యాంకరూ, దాని పొగా తప్ప ఎవరూ లేరు. తిరిగొచ్చి, ఏం తప్పు పట్టాలా అని బండినంతా వెతికాడు.

“స్టీరింగేటి పెట్టావు? దీనికి స్టీరింగుండదు,” అన్నాడు కసిగా.

భ్రమరాంబ చేతిలో బ్లేడు ఆగిపోయింది. ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

“ఔను మావా, ఉండదు,” అని స్టీరింగు పీకి పక్కన పెట్టింది.

అంతలో మనవరాలు శ్రీసత్య కోచింగ్ నుంచి వచ్చింది. గేటు తాళం తీసుకుని లోపలికొచ్చి, మళ్లీ వేసింది. ద్వారకా నగర్‌లో ఒక పాత ఫొటో పెద్దది చేయించి తెచ్చింది.

“ఇదిగో అమ్మమ్మా. మీసాలు ఇప్పుడు బాగా తెలుస్తన్నాయి. ఇలా దిద్దు.”

కామరాజు ఫొటో లాక్కున్నాడు. రైలు బస్సు తలుపు పట్టుకుని వేలాడుతూ ఒక కుర్రాడు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

“ఫొటో కూడా దాసుకున్నావా! బ్రమరాంబా!”

పేరు వినగానే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆయన మరీ రగిలిపోయాడు.

“ఎదవ మీసాలూ ఆడూనూ. ఆడికన్నా నానేటి తక్కువ?”

“ఆడికి జుత్తుండేది.”

కామరాజు చెయ్యి దానంతటదే బట్టతల మీదికి పోయింది. ఈసారి గొంతు తగ్గింది.

“ఆడంటే ఇట్టమా నీకు?”

“ఇట్టమే.”

“ఇప్పటికీనా?”

“ఇప్పటికీని.”

ఆయన రెండు వేళ్లతో డ్రైవర్ని పీకి పెరటి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. చొక్కా తొడుక్కుని, పై గుండీ కింది కాజాలో పెట్టుకుంటూ వరండాలోకి నడిచాడు.

“ఆనందపురం మా అప్పింటికి పోతన్నాను. తాళం తియ్యండి.”

“ఎండగా ఉంది. టీ తాగి పోదువు గానీ, కూసో,” అంది భ్రమరాంబ.

టీ ఇచ్చి, పెరట్లోకి పోయింది. కరివేపాకు కుండీ చుట్టూ తడిమి తడిమి డ్రైవర్ని వెతికి తెచ్చింది. మట్టి కడిగి, పైట కొంగుతో అద్ది, జిగురు చుక్క పెట్టి మళ్లీ అదే సీట్లో కూర్చోబెట్టింది. మొహం మళ్లీ మూడో కిటికీ వైపే తిప్పింది.

శ్రీసత్యకు ఒళ్లు మండింది.

“నిన్నా ఇదే, మొన్నా ఇదే. తాతయ్య అంతలా ఉడుక్కుంటంటే నీకేటి సరదా అమ్మమ్మా? ఆ బొమ్మ తీసేస్తే గొడవే ఉండదు గదా?”

“తియ్యనే. నా చేత్తో తియ్యను.”

ఖాళీ గ్లాసు పట్టుకుని కామరాజు లోపలికొచ్చాడు. కోపం, ఆనందపురం అక్కింటి ప్రయాణం రెండూ వరండాలోనే వదిలేసినట్టున్నాడు. బల్ల దగ్గర ఆగి, బండి కేసి ముచ్చటగా చూశాడు.

“బాగా సేసావే. ఎవుడాడు, ఆ డ్రైవరు?”

ఆయన బొమ్మ మీసాలు చూశాడు. ఆ మొహం ఎటు తిరిగి ఉందో చూశాడు. మూడో కిటికీ దగ్గర ఆకుపచ్చ ఓణీ చూశాడు. మెల్లగా చెవుల దాకా ఎర్రబడ్డాడు.

“బ్రమరాంబా!”

భ్రమరాంబ కళ్లొత్తుకుని, మనవరాల్ని దగ్గరకు లాక్కుని చెవిలో చెప్పింది.

“ఆ డ్రైవరు తనేనని మర్సిపోనాడు గానీ, నాను తన పెళ్లాన్నని మర్సిపోలేదే.”