రెండో తాళం

కంపెనీ పాస్‌వర్డ్‌లన్నీ దాచిన కంప్యూటర్ ఖజానాకు బొమ్మలూ బటన్లూ లేవు. నల్లటి తెర మీద ఆదేశం టైపు చేసి, ఇద్దరు చెరో పాస్‌వర్డ్ కొడితేనే తెరుచుకుంటుంది. ఒకటి అతనిది. రెండోది పక్క కుర్చీలో పనిచేసిన బావది. బావ పోయి నెల దాటింది.

"రేపు పొద్దున్నే దాన్ని చెరిపేసి కొత్తది పెడతాం. నువ్విక ఇంటికెళ్లు," అని చెప్పి మేనేజర్ వెళ్లిపోయాడు. రాత్రి సర్వర్ల గదిలో ఫ్యాన్ల హోరు మిగిలింది.

మనసొప్పక, అతను చివరిసారిగా ఆదేశం కొట్టాడు. తన పాస్‌వర్డ్ ఇచ్చాడు. తెర మీద బావ పేరు, పక్కన ఖాళీ వచ్చాయి. అలవాటు కొద్దీ కీబోర్డును పక్క కుర్చీ వైపు జరిపాడు.

ఖాళీలో ఒక చుక్క పడింది.

అతని చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మరో చుక్క. ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటున్నట్టు, ఆగి ఆగి. కాసేపటికి తెర "తప్పు" అంది. బావ మొదటిసారి ఎప్పుడూ తప్పే కొట్టేవాడు. "నా వేళ్లకి చదువబ్బలేదురా," అని నవ్వేవాడు.

చుక్కలు మళ్లీ మొదలై, చివర ఆగాయి.

ఇక్కడే బావ తల తిప్పి అడిగేవాడు: "ఎంటర్ నొక్కమంటావా, బామ్మర్దీ?" "నొక్కు బావా" అంటే గానీ నొక్కేవాడు కాదు. తెరుచుకోగానే "పనైపోయింది, వస్తా" అని లేచేవాడు.

మాట నోటిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాడు.

గడువు దాటి చుక్కలు చెరిగిపోయాయి. పక్క కుర్చీ కిర్రుమంది. మొదటి చుక్క మళ్లీ పడింది.

అతను లేచి, తలుపుకు లోపలి గడియ వేసి వచ్చి కూర్చున్నాడు.